ఉప్పు చూడని నలభై రోజులు

మాస్టారు పోవడానికి తానే కారణమని వంటక్క పదకొండేళ్ళు అనుకుంది. ఆ మాట ఆవిణ్ణి ఎవరూ అనలేదు, ఆవిడే తన మీద వేసుకుంది. అందులో నా వాటా ఉందని నాకు తెలుసు, ఆవిడకు తెలియదు. తెలియకుండా నేనే చూసుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది వంటక్క కథే. కానీ నన్ను పక్కనపెట్టి ఆ కథ చెప్తే అది ఇంకో అబద్ధమవుతుంది. ఇప్పటికే ఉన్నవి చాలు.

మాది సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమం. ముప్పై నాలుగు మంచాలు, పొడుగాటి భోజనాల గది, దాని వెనక వంటగది. రెండింటికీ మధ్య గోడలో ఒక కిటికీ. అటువైపు వంటక్క రాజ్యం, ఇటువైపు నాది. వండి కిటికీలో పెట్టడం ఆవిడ పని. అందుకుని వడ్డించి, ఎంగిలి పళ్ళాలు ఎత్తి తోమడం నా పని. ఇందులో పేరు ఎవరికొస్తుందో చెప్పక్కర్లేదు. "భోజనం ఎంత బాగుందో" అని వచ్చినవాళ్ళందరూ అనేవారు. "పళ్ళెం ఎంత శుభ్రంగా ఉందో" అన్న మహానుభావుడు ఇంతవరకు పుట్టలేదు.

వంటక్కకు అసలు పేరు ఒకటుంది, హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. ఇరవై రెండేళ్ళప్పుడు అంట్లు తోమడానికి చేరింది. అప్పటి వంటవాడు చెప్పాపెట్టకుండా మానేసిన రోజున గరిటె పట్టుకుంది, మళ్ళీ దించలేదు. భర్త నీళ్ళ లారీ నడిపేవాడు, ఒక్కతే కూతురు. మనిషి పొట్టి, మాట పొదుపు, చెయ్యి మాత్రం ధారాళం. పొద్దున్నే గుడికి, అంటే మా చర్చికి, వెళ్ళి పూజ చూసుకుని, ఆరున్నరకల్లా పొయ్యి వెలిగించేది. జపమాల పట్టుకుని కూర్చునే తీరిక లేక బంగాళాదుంపలతో చెప్పుకునేది. ఒక దుంప చెక్కు తీస్తే మరియమ్మకు ఒక మంగళవార్త జపం. దుంపలు తక్కువైన రోజు ఉల్లిపాయలు కూడా లెక్కలోకి వచ్చేవి, ఆ రోజు ప్రార్థనలో కన్నీళ్ళు కూడా ఉండేవి. "ఇవాళ భక్తి ఎక్కువైనట్టుందే" అని నేను ఆట పట్టించేదాన్ని.

మా దగ్గరున్నవాళ్ళలో సగం మంది గుండె జబ్బులవాళ్ళు, రక్తపోటువాళ్ళు. ఉప్పు బాగా తగ్గించమని డాక్టరు ఎప్పుడో చెప్పి ఉంచాడు. ఉప్పు తగ్గినా రుచి తగ్గకుండా ముప్పై నలుగురికి వండడం మాటలు కాదు. వంటక్క దగ్గర కొలత చెంచాలేమీ ఉండేవి కావు. గుప్పెడు కల్లుప్పు తీసి, అందులో కాస్త మళ్ళీ డబ్బాలోకి రాల్చి, మిగిలింది వేసేది. తర్వాత గరిటెతో ఒక చుక్క ఎడమ అరచేతిలో పోసుకుని నాకి, కళ్ళు మూసుకుని నిలబడేది. "ఊఁ" అందంటే సరిపోయినట్టు. అనలేదంటే ఇంకా ఏదో కావాలన్నట్టు. వేడి చుక్కలు పడీ పడీ ఆ అరచేతిలో బొత్తామంత మేర చర్మం మొద్దుబారిపోయింది. ముప్పై ఏళ్ళలో ఒక్క రోజు కూడా ఆవిడ లెక్క తప్పలేదు.

ఇక నా సంగతి. నన్ను అందరూ కత్తెర అనేవారు. చేత్తో చేసిన మంచి నోటితో పోగొట్టుకుంటానని మా అమ్మ తిట్టేది. ఎవరు ఏం చేసినా వంక కనిపెట్టకపోతే నాకు తిన్నది అరగదు. అలాంటి నేను తోమిన పళ్ళెం మీద వంటక్క వేలు రాసి చూసి, "జిడ్డుంది, మళ్ళీ తోము" అని కిటికీలోంచి వెనక్కి తోసేది. అందరి ముందూ. నిజం చెప్పాలంటే జిడ్డుండేది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. కోపం లోపల పెట్టుకుని మళ్ళీ తోమేదాన్ని.

నా నోరంటే ఇష్టపడ్డ ఒకే ఒక్క మనిషి మాస్టారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, భార్య పోయాక మా దగ్గరికి వచ్చారు. గుండె సగమే పనిచేస్తుందని తనే నవ్వుతూ చెప్పేవారు. నేను సూప్ పోస్తుంటే, "ఏమ్మాయ్, ఇవాళ ఎవర్ని కత్తిరించావు?" అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. ఆయన నవ్వీ నవ్వీ రొమ్ము పట్టుకునేవారు.

ఆ ఏడాది, ఈస్టర్‌కి ముందొచ్చే నలభై రోజుల తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఫాదర్ గారు ప్రసంగంలో, "మాంసం మానేశాం, పనైపోయిందనుకోకండి. మీకు ఏది బాగా ఇష్టమో అది దేవుడికివ్వండి" అన్నారు. ఆ మధ్యాహ్నం మా ఇద్దరి నుదుళ్ళ మీదా బూడిద ఇంకా చెరగలేదు. నేను పళ్ళాలు తుడుస్తున్నాను.

"నేను రుచి మానేస్తున్నా," అంది వంటక్క.

"అంటే?"

"పొద్దున లేచినప్పట్నుంచి పొద్దుగూకేదాకా నాలిక మీద ఏమీ వెయ్యను. ఉప్పు చూడ్డం కూడా మానేస్తా. ఉప్పు చూసే వంకతో నేనెంత తింటానో నాకే తెలుసు. నా మధ్యాహ్నం పళ్ళెం గేటు దగ్గర ఊడ్చే ఆవిడకిచ్చెయ్యి."

"ఉప్పు చూడకుండా ఎలా వండుతావక్కా?"

"ముప్పయ్యేళ్ళ చెయ్యి. ఆ మాత్రం తెలీదా దానికి? మరి నువ్వేం మానేస్తున్నావు?"

"వంకలు పెట్టడం. నలభై రోజులు ఎవర్నీ ఒక్క మాటనను."

ఆవిడ కత్తి కింద పెట్టి నవ్వింది. అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "నీదానికంటే నాదే తేలిక," అంది కళ్ళు తుడుచుకుంటూ.

మొదటి వారం ఇద్దరం బాగానే గడిపాం. ఆవిడ అరచేతిలో చుక్క పడలేదు, నా నోట్లోంచి వంక రాలేదు. రెండో వారంలో ఊళ్ళో సరుకుల కొట్టు ఆయన ఆరు బస్తాల ఉప్పు తెచ్చి దింపాడు. తపస్సుకాలం కదా, ఏదో ఒక దానం చెయ్యాలనిపించిందట. ఆశ్రమానికి పెద్ద అయిన మదర్ ఆయన్ని ఎంతగానో దీవించారు. వంటక్క ఒక బస్తా విప్పి వేళ్ళ మధ్య రాలుస్తూ, "మెత్తటుప్పు. చెయ్యి తగ్గించుకోవాలి," అంది.

తగ్గించింది కూడా. ఎంత తగ్గించాలో చెప్పాల్సింది నాలుక, దానికి సెలవిచ్చేసింది. కల్లుప్పు గుప్పిట్లో సగం సందులే ఉంటాయి. మెత్తటుప్పు గుప్పెడు తీస్తే గుప్పెడూ ఉప్పే.

అందరికీ వడ్డించాక భోజనాల గది మూలన కూర్చుని తినడం నా అలవాటు. ఆ రోజు సూప్ ఒక చెంచా నోట్లో పెట్టుకుంటే నాలుక చుర్రుమంది. వెంటనే కిటికీ వైపు చూశాను. వంటక్క అటు తిరిగి పొయ్యి గట్టు కడుగుతోంది. నా నోరు తెరుచుకుంది, "ఏమిటక్కా ఈ ఉప్పు" అన్న మాట పళ్ళదాకా వచ్చింది. వ్రతం గుర్తొచ్చి మూసుకున్నాను. నా అంతటి భక్తురాలు ఇంకొకతె లేదనుకున్నాను కూడా.

కానీ ఆ నోరు మూసుకోవడంలో భక్తి ఎంత? నిజంగా చెప్తున్నాను, చెంచాడు. మిగతాదంతా వేరే. రేపో మాపో ఎవరో ఒకరు పళ్ళెం వెనక్కి తోస్తారు, అందరి ముందూ, ఆ కిటికీలోంచి, ఈసారి ఆవిడ వైపుకి. అది చూడాలని నాకు ఆశ. పైగా నేనేమీ అనక్కర్లేదు. చేతికి మట్టి అంటదు, పుణ్యానికి పుణ్యం. దేవుడి పేరు చెప్పి పగ తీర్చుకోవడానికి ఇంత మంచి కాలం ఇంకొకటి దొరకదు.

ఒక్కరూ పళ్ళెం వెనక్కి తోయలేదు.

ఎందుకు తోయలేదో నాలుగు రోజుల తర్వాత తెలిసింది. కుట్టుపని చేసి చేసి కళ్ళు పోగొట్టుకున్న ఒక మామ్మ ఉండేది, కుట్టుమామ్మ అనేవాళ్ళం. ఆవిడ పక్కవాళ్ళతో గుసగుసగా చెప్తోంది: "సిలువ మీద ప్రభువుకి పుల్లటి ద్రాక్షరసం ఇచ్చారు. మనకి ఉప్పు సూప్ ఒక లెక్కా? మన ఆత్మల కోసమే వేస్తోంది ఆ మహాతల్లి." సిస్టర్లు మామూలుగా తమ కాన్వెంటులో వేరే వండుకుంటారు; ఆదివారాలు వంటక్కకు సెలవు, ఆ రోజు మాకూ వాళ్ళే వండుతారు. ఆదివారం ఉపవాసం ఉండదు, ఆదివారం సూప్ చక్కగా ఉంది. సోమవారం మళ్ళీ ఉప్పు. దాంతో వాళ్ళ అనుమానం రూఢి అయిపోయింది. ఇది పొరపాటు కాదు, ప్రాయశ్చిత్తం అని తేల్చేశారు. ఎవరు ఎక్కువ ఓర్చుకుంటారా అని పోటీలు మొదలయ్యాయి. ఒక తాతయ్య, మోక్షానికి ముందు శుద్ధి కోసం ఉత్తరించే స్థలంలో ఆగిన ఆత్మల కోసమని రెండోసారి పోయించుకున్నాడు.

గేటు దగ్గర ఊడ్చే ఆవిడకు వంటక్క పళ్ళెం వెళ్ళేది కదా. దానంగా వచ్చినదానికి వంక పెడితే బాగుండదని ఆవిడా ఊరుకుంది. శుక్రవారం సిలువమార్గం ప్రార్థన అయ్యాక ఫాదర్ గారు మా వాళ్ళతో కలిసి సూప్ తాగేవారు. మొదటి చెంచాకే ఆయన కనుబొమలు పైకి లేచాయి. గది అంతా కలయజూశారు. ముప్పై నలుగురు ముసలివాళ్ళు తలలు వంచుకుని భక్తిగా తాగుతున్నారు. ఆయనా తల వంచి గిన్నె ఖాళీ చేసి, మూడు గ్లాసుల నీళ్ళు తాగి, "దేవుడు దీవించుగాక" అని వెళ్ళిపోయారు. ఇంటిల్లిపాదీ ఇంత మంచివాళ్ళయితే ఎలా!

వంటక్క ఒకసారి అడిగింది. గిన్నె కిటికీలో పెడుతూ, "ఏమే, తాతయ్యలూ మామ్మలూ ఏమైనా అంటున్నారా?"

"ఏమీ అనడం లేదక్కా."

"పళ్ళాలు?"

"ఖాళీగానే వస్తున్నాయి."

"చూశావా, చేతికి తెలుసు," అని మురిసిపోయింది. ఆవిడ అప్పటికి సగమైంది. ఎండిన పెదాలతో, గాలిలో తేలే ఆవిరి కూడా పీల్చకుండా ముఖం పక్కకు తిప్పుకుని కలిపేది. అంత ఆకలితో ఉండి కూడా ఊడ్చే ఆవిడ పళ్ళెంలో ఇంకో రొట్టె పెట్టేది. ఆవిడ చేసింది నిజమైన ఉపవాసం. నేను ఆవిడకు చెప్పిన రెండు జవాబులూ నిజాలే. అబద్ధం చెప్పకుండా మనిషిని ఎలా ముంచవచ్చో ఆ రోజే నేర్చుకున్నాను.

నాలుగో వారం దాటాక మాస్టారు వట్టి కాళ్ళతో భోజనానికి వచ్చారు. చెప్పులు మంచం కిందే ఉన్నాయి.

"ఏంటి మాస్టారూ, చెప్పులు కూడా మానేశారా?"

"పట్టడం లేదమ్మాయ్. కాళ్ళు తపస్సుకాలంలో లావెక్కుతున్నాయి, విడ్డూరం," అని నవ్వి, వంగి పిక్క దగ్గర వేలితో నొక్కారు. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. మా నాన్నకు ఆఖరి రోజుల్లో అచ్చం అలాగే ఉండేది. ఉప్పు, నీరు, గుండె, ఈ మూడింటి సంగతి నాకు తెలియనిది కాదు. మాస్టారు తలెత్తి నా ముఖంలోకి చూశారు. ఏదో అంటానని ఎదురుచూస్తున్నట్టు ఉన్నారు. నేను ఆయన గిన్నెలో సూప్ పోశాను.

ఇంకా రెండు వారాలే ఉన్నాయి, వ్రతం పూర్తయిపోతుంది అనుకున్నాను ఆ క్షణంలో. ఇన్ని రోజులు ఊరుకుని ఇప్పుడు చెప్తే, ఇన్ని రోజులు ఎందుకు ఊరుకున్నావంటారు అని కూడా అనుకున్నాను. మందులు చూసే సిస్టర్ దగ్గరికి వెళ్ళి, "మాస్టారి కాళ్ళు వాచాయి" అని మాత్రం చెప్పాను. ఆవిడ మాత్ర పెంచింది. నా బాధ్యత తీరిందని నా మనసుకు నచ్చజెప్పుకున్నాను. పొయ్యి మీది గిన్నె గురించి మాట్లాడాల్సిన చోట కాళ్ళ గురించి మాట్లాడి వచ్చాను.

మట్టల ఆదివారం వెళ్ళిన రెండో రోజు పొద్దున మాస్టారు పడుకోలేక, కూర్చోలేక, ఊపిరి అందక కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మర్నాడు మదర్ వంటగదిలోకి వచ్చారు. ఆవిడ వంటగదిలోకి రావడం చాలా అరుదు.

"డాక్టరు అడుగుతున్నాడు, ఈయనకి ఎంత ఉప్పు పెడుతున్నారని."

"ఎప్పుడూ పెట్టేదే మదర్."

"రుచి చూస్తున్నావా?"

వంటక్క చేతిలో గరిటె ఆగింది. "లేదు మదర్. తపస్సుకాలమని మానేశాను."

"ఇప్పుడు చూడు."

ఆవిడ ఎడమ అరచెయ్యి చాపింది. చుక్క పోసుకుని నాకింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. గరిటె నిండా తీసుకుని తాగింది. ఇంకో గరిటె. మూడో గరిటెకు మదర్ చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఇదా? నెల రోజులు ఇదా నేను వాళ్ళకి పెట్టింది?" మదర్ ఏదో చెప్పబోయారు కానీ వంటక్క వినే స్థితిలో లేదు. కిటికీ దగ్గర పళ్ళాల దొంతరతో నిలబడ్డ నా వైపు తిరిగింది. "వాళ్ళెందుకు చెప్పలేదే?"

"తెలీదక్కా."

"నువ్వు తినలేదా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఒక్క క్షణం. "లేదక్కా. నేను కూడా మధ్యాహ్నం తినడం లేదు. ఉపవాసం," అన్నాను.

వంకలు పెట్టనని దేవుడికిచ్చిన మాట చక్కగా నిలబెట్టుకున్నాను. అబద్ధమాడనని మాత్రం నేనెవరికీ మాటివ్వలేదు కదా.

గురువారం ఆసుపత్రికి వెళ్ళాను. మాస్టారు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు, ముక్కుకు గొట్టం. నన్ను చూసి చెయ్యి కదిపారు. మాట మాటకూ ఆగి ఆగి చెప్పారు.

"నా నాలిక చెప్తూనే ఉందమ్మాయ్. అందరూ ఓర్చుకుంటున్నారు, నేనొక్కణ్ణే నోరెత్తితే బాగుండదనుకున్నా. ముసలాణ్ణి, తిండికోసం గొడవేంటని."

"ఊరుకోండి మాస్టారూ, ఆయాసమొస్తుంది."

"నువ్వు చెప్తావులే అనుకున్నా. కత్తెర ఉంది కదా, రేపు చెప్తుంది, ఎల్లుండి చెప్తుంది అని." ఊపిరి తీసుకున్నారు. "నువ్వు కూడా ఏమీ అనకపోయేసరికి, అయితే ఉప్పు సరిగ్గానే ఉందేమో, నా నాలికే పాడైందేమో అనుకున్నా."

ఆయన నన్ను నిందించలేదు. తప్పు చేసిన లెక్కలో ఎక్కడ తప్పిందో చూస్తున్నట్టు చెప్పారంతే. నేను ఆయన దుప్పటి సర్ది బయటికి వచ్చి, వరండాలో గోడకేసి తిరిగి ఏడ్చాను. ఏడ్చి ఏం లాభం, నోరు తెరిచి ఒక్క మాట అనాల్సిన రోజున అనలేదు.

శనివారం ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళాను. అన్నీ చెప్పాను: పగ, మౌనం, కాళ్ళు, అబద్ధం. జాలీకి అటువైపు కూర్చుని ఆయన అంతా విన్నారు. తర్వాత ఫాదర్ గారు, "ఆ సూప్ నేను కూడా తాగాను," అన్నారు. గొంతు బాగా తగ్గిపోయి ఉంది. "నా సంగతి నేను చూసుకుంటాను. నువ్వు వెళ్ళి ఆవిడకి చెప్పు. అదే నీ ప్రాయశ్చిత్తం. వేరే జపాలేమీ ఇవ్వను," అన్నారు.

చెప్దామనే వెళ్ళాను. వంటగదిలో వంటక్క కొత్త ఉప్పు బస్తాలన్నీ గుమ్మం బయటికి ఈడ్చేసి, కల్లుప్పు డబ్బా ముందు కూర్చుని ఉంది. నన్ను చూడగానే, "నువ్వు తిని ఉంటే నాకు చెప్పేదానివే. నీ నోరు నాకు తెలీదా. నాకే అదృష్టం లేదు," అంది. నా నోరు మళ్ళీ మూతపడింది. ఈసారి ఏ వ్రతమూ అడ్డం లేదు.

ఈస్టర్ వెళ్ళిన పదకొండో రోజున మాస్టారు పోయారు. గుండె పాతదే, ఎప్పుడైనా జరిగేదే, ఉప్పు కాస్త ముందుకు తోసి ఉంటుంది అన్నాడు డాక్టరు. ఎంత ముందుకో ఎవరూ చెప్పలేరట. వంటక్కకు ఆ "కాస్త" ఒక్కటే వినపడింది. సమాధి దగ్గర అందరికంటే వెనక నిలబడి, మట్టి వెయ్యడానికి కూడా ముందుకు రాలేదు.

ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ ఉపవాసం చెయ్యలేదు. విభూది బుధవారమైనా, గుడ్ ఫ్రైడే అయినా, ప్రతి గిన్నెలోంచి చుక్క అరచేతిలో పోసుకుని నాకేది, అందరూ చూస్తుండగానే. విషయం తెలియని కొత్తవాళ్ళు, "ఏమిటీవిడ, ప్రభువు చనిపోయిన రోజున కూడా నాకుతూనే ఉంటుంది" అని మూతులు ముడిచేవారు. ఆవిడ ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. పక్కనే ఉన్న నేను ఇవ్వగలిగీ ఇవ్వలేదు. గుళ్ళో ఇదివరకు ముందు వరుసలో కూర్చునే మనిషి ఆఖరి వరుసకు మారింది. నా పళ్ళాల మీద వేలు రాసి చూడడం మానేసింది. జిడ్డున్నా అలాగే తీసుకునేది. ఒకరి తప్పు ఎత్తి చూపే అర్హత తనకిక లేదనుకుందేమో. ఆ వేలి కోసం నేనెంత ఎదురుచూశానో ఎవరికి చెప్పుకోను?

నేను ప్రాయశ్చిత్తం తీర్చలేదు కాబట్టి పూజలో సత్ప్రసాదం అందుకోవడానికి లేవడం మానేశాను. అందరూ వరుసకట్టి వెళ్తుంటే కాళ్ళు ముడుచుకుని దారిచ్చేదాన్ని. ప్రతి తపస్సుకాలంలో ఈ ఏడాది చెప్పేస్తాననుకునేదాన్ని. ఈస్టర్ వచ్చేది. వెళ్ళేది. రోజులు గడిచేకొద్దీ మాట బరువు పెరుగుతుందే తప్ప తగ్గదు.

పోయిన ఏడాది వంటక్క మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. కూతురు వచ్చి తనతో తీసుకెళ్తానంది. తపస్సుకాలంలో ఒక శుక్రవారం ఆవిడ ఆఖరి పని రోజు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం అరల్లోని డబ్బాలు దించి తుడుస్తున్నాం.

"ఒక మాటంటాను, కోప్పడవు కదా?" అంది.

"చెప్పక్కా."

"నేను వెనక వరుసలో కూర్చుంటాను, నాకు అందరూ కనపడతారు. నువ్వు పదకొండేళ్ళుగా సత్ప్రసాదానికి లేవడం లేదు. ఎందుకని నేనడగను. ఏదో పెద్దదే అయ్యుంటుంది. ప్రతి శుక్రవారం నా జపం నీకోసమే చెప్తున్నా." డబ్బా మూత బిగించి పక్కన పెట్టింది. "నీదేదైనా సరే, తీసి నా మీద వెయ్యమని అడిగాను దేవుణ్ణి. నామీద ఎలాగూ మాస్టారున్నారు. దాని పక్కన ఇంకోటుంటే నాకేం బరువెక్కువవుతుంది చెప్పు."

నా చేతిలో గుడ్డ కింద పడింది. ఇన్నేళ్ళు గొంతులో తిరిగిన మాట, ఎన్నో రకాలుగా సవరించుకున్న మాట, చివరికి ఏ సవరింపూ లేకుండా బయటికొచ్చింది.

"అక్కా, ఆ సూప్‌లో ఉప్పెక్కువైందని నాకు మొదటి రోజే తెలుసు. నేను రోజూ తిన్నాను. ఉపవాసమన్నది అబద్ధం. నీ మీద కోపంతో చెప్పలేదు. మాస్టారి కాళ్ళు చూసి కూడా చెప్పలేదు."

ఆవిడ నన్ను చూస్తూ ఉండిపోయింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. మెల్లగా పీట లాక్కుని కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది.

"మొదటి రోజంటే? ఉప్పు బస్తాలొచ్చిన రోజా?"

"ఆ రోజే."

"అప్పటికి మాస్టారు బాగానే ఉన్నారు."

"బాగానే ఉన్నారక్కా."

వంటక్క తల పొయ్యి వైపు తిప్పింది. కోపం లేదు ఆ ముఖంలో. పొయ్యి మీద గిన్నె ఇంకా ఉన్నట్టు, ఇంకా సమయం మించిపోనట్టు, ఆ ఖాళీ పొయ్యి వైపే చూస్తోంది.

"చెప్పాల్సింది కదే," అంది. "రెండు చెంబులు నీళ్ళు పోస్తే సరిపోయేది."